కొమ్ము బిళ్ళ

దావీదురాజు కుడిచేతి వేళ్ళు రెండు బేతంచెర్ల గనిలో పోయాయి. అది పంతొమ్మిది వందల యాభైనాలుగో సంవత్సరం, ముసురు పట్టిన రోజు. అతనూ తోటి కూలి నరసన్నా చెరొక కొస పట్టి నాపబండను లారీలోకి ఎత్తుతుంటే, బండ జారి చూపుడువేలూ నడిమివేలూ నలిగాయి. కర్నూలు పెద్దాసుపత్రిలో రెండింటినీ ఒక్కొక్క కణుపు మాత్రం మిగిల్చి తీసేశారు.

ఇంటికి రాగానే అతను గోడకున్న గిటారు దించుకున్నాడు. మిషను దొరసాని ఊరు విడిచిపోతూ ఇచ్చిన వాయిద్యం అది. పదేళ్ళుగా ఆదివారం పాటలకు అతనే వాయించేవాడు. దానితోపాటు ఆమె ఇచ్చిన మీటే బిళ్ళ గోరంత ఉండేది, వంచితే వంగేది, తీగల మీద తేలిగ్గా గలగలలాడేది. ఇప్పుడది మొండివేలికి ఆనలేదు. రెండో తీగ దాటేలోపే జారి కింద పడింది.

రేకుడబ్బా కత్తిరించి పెద్ద బిళ్ళ చేసుకున్నాడు. పట్టు దొరికింది గానీ ఆ గీరుడు అతని చెవులకే ఓర్వరానిదైంది. పాత చెప్పు తోలు కోసి చూశాడు. తోలు తీగను తడిమిందే తప్ప పలికించలేదు.

చివరికి కొమ్ము దువ్వెనలు చేసే ముసలాయన పుల్లయ్య దగ్గరికి పోయాడు. పుల్లయ్యకు పాట సంగతి తెలియదు. అతని చెయ్యి పట్టుకుని మొండివేళ్ళను చాలాసేపు తడిమి చూశాడు.

"బిళ్ళ యాడ ఆనుతాది?"

"ఈడ మామా. బొటనవేలికీ ఈ మొండికీ నడుమ."

"అట్లయితే గోరంతది పనికిరాదప్పా. తమలపాకులో సగముండల్ల."

ఎనుము కొమ్ము కోసి చేసిన మొదటి బిళ్ళ పలచనైంది. అంత వెడల్పుకు ఊగి, తీగ తగిలినప్పుడల్లా టపటపమంది. రెండోది పావలా కాసు మందం. అది వంగలేదు, తీగే దానికి వంగింది. ధ్వని కిందికి దిగి, గుండ్రంగా, గిటారు కడుపులోంచి వచ్చింది. లావు తీగల మీద మాత్రం అంచు గరగరమంటుంటే, పుల్లయ్య బూడిదా నూనే పెట్టి రెండు రోజులు రుద్ది నునుపు చేశాడు.

"దీంతో బిరబిరా వాయించలేను మామా. చెయ్యి వెనకబడతాంది."

"నిదానంగా వస్తాది గదా," అన్నాడు పుల్లయ్య.

నిదానంగా వాయించేవాడు క్రిస్మసు పాటలకు పనికిరాలేదు. గుడిలోకి హార్మోనియం వచ్చింది. దావీదురాజు వెనక వరసలో కూర్చోవడం అలవాటు చేసుకున్నాడు.

మరుసటి ఎండాకాలం, ప్రతి ఆదివారం గుడిలో ముందు వరసన కూర్చుని పాడే నరసన్న తల్లి సుంకమ్మ చనిపోయింది. చెయ్యి నలిగిన నాటి నుంచి నరసన్న అతనికి ఎదురుపడలేదు. దూరాన కనబడితే సందులోకి మళ్ళేవాడు. ఆ పొద్దున మాత్రం వచ్చి గడప అవతల నిలబడ్డాడు.

"సమాధికాడ నువ్వే వాయించల్లని చెప్పి పోయిందన్నా మా అమ్మ."

ఇతనికోసం దావీదురాజు ఏడాదిగా ఎన్నో మాటలు దాచుకున్నాడు. తల్లిని పోగొట్టుకున్న మనిషి ముందు వాటిని పక్కన పెట్టాడు.

"మునుపటి మాదిరి పలకదు," అన్నాడు.

"తెలుసన్నా."

గొయ్యి పక్కన నిలబడి కొమ్ము బిళ్ళతో మీటాడు. ఒక తీగ మోత పూర్తిగా అణిగాక గానీ రెండోదాన్ని ముట్టలేదు. ఎప్పుడూ గబగబా పాడేసే ఆడవాళ్ళు అతనికోసం ఆగి ఆగి పాడాల్సి వచ్చింది. ఏళ్ళ తరబడి పాడుతున్న పాటలో మాటలు వాళ్ళకు ఆ రోజు వినబడ్డాయి.

అందరూ వెళ్ళాక నరసన్న దగ్గరికొచ్చాడు. చేతులకింకా మట్టి ఉంది.

"బండ తడిగా ఉండాదని అందరికీ చెప్పినా. తడి కాదన్నా. నేను యాడనో చూస్తాంటి."

"ఇది చెప్పేదానికి ఏడాది పట్టిందా?"

"పట్టింది."

దావీదురాజు క్షమించానని అనలేదు. గిటారు అతని చేతికిచ్చి ముందు నడిచాడు.

తర్వాత కోయిలకుంట్ల దాకా ఎక్కడ సమాధి జరిగినా దావీదురాజుకు కబురొచ్చేది. దూరపు ఊళ్ళకు నరసన్న ఆ రోజుకు గని పని మానుకుని వెంట పోయేవాడు.