ఆరున్నొకటి

టక్. టక్. టక్. టక్. టక్. టక్. ఆ తరువాత ఊపిరి బిగబట్టినంత నిశ్శబ్దం. మళ్ళీ ఒకే ఒక్క టక్.

స్తంభం అవతల ఎవరో పలక చట్రం మీద వేలితో కొడుతున్నారు. భీమశంకరం చేతిలో సుద్దముక్క ఆగిపోయింది. అరుగు చివర, పొద్దుటెండ వచ్చి ఆగే చోట, ఒక మోకాలు తప్ప మనిషి కనిపించడం లేదు.

"ఎవడ్రా ఆ మద్దెల?" అన్నాడు వీర్రాజు.

మోకాలు లేచి నిలబడింది. దాని వెంట రెల్లుగడలాంటి పొడుగాటి కుర్రవాడు లేచాడు. "నేనండి. పోతురాజునండి."

1936 క్రిస్టమస్ సెలవులు. రాజమండ్రిలో ఇంటర్ చదువుతున్న మిత్రులిద్దరూ ఏలూరు వచ్చి, స్కూల్ ఫైనల్‌కి వెళ్ళబోయే పిల్లలకు భీమశంకరం ఇంటి అరుగు మీద ఉచితంగా పాఠాలు చెబుతున్నారు. వీర్రాజుది సైన్సు. వెలిగే దీపం మీద గాజుగ్లాసు బోర్లించి, మంట చిన్నబోయి ఆరిపోతుంటే పిల్లల కళ్ళు చూసి మురిసిపోయేవాడు. భీమశంకరానిది లెక్కలు.

పోతురాజు కొల్లేటి లంకల్లోని చేపలు పట్టే ఇంటివాడు. ఏలూరులో మేనత్త ఇంట్లో ఉండి చదువుకుంటున్నాడు. ఏ లెక్క ఇచ్చినా పలక మీద జవాబు నీళ్ళలో చేప మెరిసినట్టు మెరిసేది. నోరు తెరిచి చెప్పమంటే మాత్రం ఒక్కొక్కసారి శిలైపోయేవాడు. సరిగ్గా అదే అతని మెడకు చుట్టుకుంది. సెలవుల ముందు జరిగిన పరీక్షలో జవాబులన్నీ ఒప్పే. కానీ లెక్కల మేస్టారు లేపి అడిగితే మొదటి ప్రశ్నకే బిగుసుకుపోయాడు. "పక్కవాడిది చూసి రాశావు," అన్నాడు మేస్టారు. బడి తెరిచే సోమవారం హెడ్మాస్టరే తరగతిలో నిలబెట్టి అడుగుతారట. చెప్పలేకపోతే స్కూల్ ఫైనల్‌కి పంపరు. దొంగ అన్న పేరుతో లంకకు తిరిగి వెళ్ళాలి.

"వాడికి లెక్కలు వచ్చండి. నేను పూచీ," అని భీమశంకరం హెడ్మాస్టరు గుమ్మంలో నిలబడి చెప్పి వచ్చాడు.

శనివారం ఆఖరి పాఠం. "ఒక సంఖ్యకు దాని వర్గం కలిపితే యాభై ఆరు. ఆ సంఖ్య ఎంత?"

అందరికంటే ముందు పోతురాజు పలక దించాడు. దాని మీద అంకె ఉంది.

"నోటితో చెప్పు."

వేలు చట్రం మీద కదిలింది. ఆరు టక్కులు, ఆగుదల, ఒక టక్కు. పెదవులు కదలలేదు.

"రాసింది నువ్వేగా? చదవరా!"

వెనకనుంచి ఎవడో కిసుక్కుమన్నాడు. "పలక మూగదండి, వాడూ అంతేనండి!"

భీమశంకరానికి సోమవారం కళ్ళ ముందు మెదిలింది. గొంతు అతని చేతిలో లేకుండా పోయింది. "ఏడు! నోరు తెరిచి అనరా! ఏడు! ఏడు!"

పోతురాజు అతని వంక చూశాడు. కోపంగా కాదు. ఒడ్డున ఉన్నవాణ్ణి మునుగుతున్నవాడు చూసినట్టు చూశాడు. పలక చంకన పెట్టుకుని, మెట్లు దిగి వెళ్ళిపోయాడు.

లోపలినుంచి అమ్మ చాముండేశ్వరి గడప దాకా వచ్చింది. "అదేమిట్రా శంకరం! పరాయి పిల్లవాణ్ణి పట్టుకుని ఏడు ఏడు అని ఏడవమంటావు?"

"అంకె అమ్మా, అంకె!"

"నీకు అంకె. వాడి మొహం చూశావా?"

సాయంత్రం మేనత్త ఇంటికి వెళితే పోతురాజు లేడు. లంకకు పోయే దోనె ఎక్కి అప్పుడే వెళ్ళిపోయాడట.

ఆదివారం పొద్దున్నే వీర్రాజు సైకిలు తీసుకుని భీమశంకరం బయలుదేరాడు. దారి చివర కొల్లేరు లేదు, మంచే ఉంది. ఆ తెలుపులోంచి దోనె నడిపేవాడి గడకర్ర మాట్లాడుతూ ఉంటే, కనపడని పక్షులు జవాబు చెబుతూ ఉంటే, అతను దోనె చెక్క అంచు పట్టుకుని కూర్చున్నాడు. రేపటి ప్రశ్నలు తలలో తిరుగుతున్నాయి. రమ్మంటే రాడేమో. వస్తే మాత్రం నోరు తెరుస్తాడా?

లంక రేవు కంటికంటే ముందు చెవికి తగిలింది. ఆడగొంతు ఒకటి లెక్క పెడుతోంది.

"లాభం... రెండు... మూడు... నాలుగు... అయిదు... ఆరు..." చిన్న ఆగుదల. "ఆరున్నొకటి... ఎనిమిది..."

భీమశంకరం దోనెలో సగం లేచాడు. ఆ ఆగుదల అతనికి తెలుసు. వారం రోజులుగా పలక చట్రం మీద విన్నాడు.

మంచు విడిపోతుంటే బుట్ట ముందు కూర్చున్న ఆమె కనిపించింది. పోతురాజు తల్లి సుబ్బాయమ్మ. వెనక పోతురాజు వలకు ముడులు వేస్తున్నాడు. తల ఎత్తలేదు.

"మా వాడికి పాఠం చెప్పే బాబుగారు మీరేనాండీ?" అంది ఆమె, చేతిలో కొర్రమీను అలాగే ఉంచి. "కూర్చోండి. మా ఇంట మంచినీళ్ళు పుచ్చుకోరు గదా, ఎండైనా పుచ్చుకోండి."

"అమ్మా, ఆరు తరువాత మీరు..."

"ఆ మాట మేం అనమండీ. ఒకటి అనేదాన్ని లాభం అంటాం, రాబడి కావాలి గనక. ఆరు తరవాతది అంటే ఏడవమన్నట్టేగా? రాశి ముందు కూచుని ఏడుపుని పిలుచుకుంటామా?"

"మా వాళ్ళ కళ్ళాల్లో ధాన్యం కొలిచేవాళ్ళూ అనరు," అన్నాడు భీమశంకరం. తనకు ఇంతకాలం తట్టనందుకు చెవులు వేడెక్కాయి.

సుబ్బాయమ్మ గొంతు తగ్గించింది. "వీడప్పుడు పిల్లోడండీ. బళ్ళో నేర్చుకున్నానని, నవ్వులాటకి, బుట్ట ముందు ఆ మాట గట్టిగా అన్నాడు. వాళ్ళ నాన్నా నవ్వేడు. ఆ సాయంత్రమే గాలి లేచింది. దోనె దొరికిందండీ. మనిషి..." ఆమె కొర్రమీనును బుట్టలో పెట్టింది. "వీడి మీద నింద లేదని ఎన్నిసార్లు చెప్పినా, నోరు ఆడకుండా పోతుంది."

వల ముడి దగ్గర పోతురాజు వేళ్ళు ఆగిపోయాయి.

"చదువొద్దని నేను అననండీ. కానీ నా కొడుకుని నిలబెట్టి ఆ మాటే అరిచే చోటికి పంపను."

"అరిచింది నేను. తెలియక అరిచాను," అన్నాడు భీమశంకరం. తరువాత పోతురాజు వైపు తిరిగాడు. "రేపు నువ్వు రాకపోతే దొంగవని ఖాయం చేసేస్తారు. వస్తే ఏమవుతుందో నాకూ తెలియదు. ఆ మాట నేను అనిపించను. వాళ్ళు అనమంటే ఏం చేస్తావో నీ ఇష్టం."

పోతురాజు వల పక్కన పెట్టి లేచాడు. నీళ్ళ మీద అప్పుడే గాలి వేలితో గీతలు గీస్తోంది.

"ఇంగ్లీషులో సెవెన్ అంటే తప్పులేదుగాండీ?"

"లేదురా."

"అయితే గాలి ముదరకముందే పోదాం పదండి."

తిరుగు ప్రయాణంలో దోనె ఊగినప్పుడల్లా భీమశంకరం కళ్ళు మూసుకున్నాడు. గడకర్ర పట్టుకుని నిలబడ్డ పోతురాజు మాత్రం గాలివైపే చూస్తూ, పెదవుల మీద ఒక్క ఇంగ్లీషు మాటను పదే పదే నానబెట్టాడు.

సోమవారం తరగతి గది కిక్కిరిసింది. హెడ్మాస్టరు సత్యనారాయణమూర్తి కుర్చీలో, లెక్కల మేస్టారు పక్కన. భీమశంకరం గుమ్మం బయట.

మొదటి లెక్క గడిచింది. పోతురాజు జవాబు పన్నెండు. నోటితోనే చెప్పాడు.

"ఒక నేలచెక్క వైశాల్యం డెబ్బై చదరపు గజాలు. పొడవు వెడల్పు కంటే మూడు గజాలు ఎక్కువ. వెడల్పెంత?"

భీమశంకరం లెక్క చేసేశాడు. మళ్ళీ అదే అంకె. లోపల పోతురాజు వేలు తొడ మీద కదులుతోంది.

"సెవెన్ అండి."

హెడ్మాస్టరు కనుబొమలు లేచాయి. "నేను తెలుగులో అడిగితే దొరల భాష దేనికి? బట్టీ పట్టిన మాట నాకొద్దు. తెలుగులో చెప్పు."

పోతురాజు వేలు తొడ మీద మళ్ళీ కదిలింది. భీమశంకరం గుమ్మం కొయ్యను గట్టిగా పట్టుకున్నాడు. లోపలికి పోయి అంతా చెప్పేయాలనిపించింది. కానీ ఆ దుఃఖం తనది కాదు, అందరి ముందూ విప్పడానికి.

"ఆరున్నొకటి అండి," అన్నాడు పోతురాజు.

గది గొల్లుమంది. "ఇదేం లెక్కరా, చేపల లెక్కా?" అన్నాడు లెక్కల మేస్టారు.

హెడ్మాస్టరు నవ్వలేదు. "దాన్ని పదకొండుతో గుణించు."

"డెబ్బై ఆరున్నొకటి అండి."

"అందులోంచి పది తీసెయ్యి."

"అరవై ఆరున్నొకటి అండి." ఈసారి చెప్పడానికి క్షణం కూడా పట్టలేదు. తప్పుకునే దారి తెలిశాక గొంతు దోనెలా సాగింది.

హెడ్మాస్టరు లెక్కల మేస్టారు వైపు తిరిగారు. "పక్కవాడిది చూసి రాశాడన్నారు. ఈ మాట ఈ గదిలో ఇంకెవడి దగ్గరైనా ఉందా, చూడ్డానికి?"

మేస్టారు చేతిలోని మార్కుల పట్టీ మడిచి జేబులో పెట్టుకున్నాడు.

"వీణ్ణి పరీక్షకు పంపండి. అక్కడ అంకె రాస్తే చాలు, ఎవడూ నోటితో అడగడు." లేస్తూ గుమ్మం వైపు చూసి కసిరారు. "కాలేజీవాడివి, ఆ తలుపుకి వేళ్ళాడతావేం? విరిగితే మీ నాన్న చేయిస్తాడా?"

పోతురాజు ఆ ఏడాది పాసయ్యాడు. ట్రైనింగు ముగించి లంకకే తిరిగి వెళ్ళి లెక్కల మేస్టారయ్యాడు. పిల్లల చేత ఎక్కాలన్నీ చెప్పించేవాడు. ఒక ఎక్కం వాళ్ళు వల్లిస్తున్నప్పుడు మాత్రం బల్ల మీద వేలితో తాళం వేస్తూ ఊరుకునేవాడు. నోరు తెరిచి చెప్పలేని పిల్లవాడు ఎదురైతే పలక చూసేవాడు, పలక తరువాత వేళ్ళు చూసేవాడు.

చాలా ఏళ్ళ తరువాత ఈ కథ అడగడానికి లంకకు వెళ్ళిన మనిషిని పోతురాజు మేస్టారే రేవు దాకా సాగనంపారు. దోనెలో జనం సర్దుకుంటున్నారు. నీళ్ళ మీద గాలి గీతలు మొదలయ్యాయి. ఆయన ఒక్కొక్క తలనూ వేలితో చూపిస్తూ, చివరి ఖాళీ దగ్గర కాస్త ఆగారు.

"లాభం, రెండు, మూడు, నాలుగు, అయిదు, ఆరు... ఆరున్నొకటి మీరేనండీ. ఎక్కండి, గాలి ముదరకముందే."