ఆషాఢంలో కత్తిరించిన ఉన్ని

నా చిన్నప్పుడు, ఆలేరుకు ఒక పూట నడక దూరంలో ఉన్న మా గొర్లకాపరుల గూడెంలో, పక్కింటి అవ్వను నలుగురి ముందు "దొర మనిషి" అన్నాను. అందరూ నవ్వారు. ఆ నవ్వు నాకు తియ్యగా ఉండింది. అంతకంటే పెద్ద తప్పు నేను మళ్లీ చేశానో లేదో తెలియదు.

అవి నిజాం రోజులు. ఏటా ముసురు వెళ్లాక మావాళ్లు ఉన్ని కత్తిరించేవారు. కత్తిరించీ కత్తిరించకముందే దొర మనుషులు వచ్చి వెట్టి కింద సగం ఊరికే పట్టుకుపోయేవారు. అందుకే వెట్టికి ఎదురు తిరిగే సంఘం రాగానే గూడెమంతా అందులో చేరింది. సంఘం నాయకుణ్ని మేం పెద్దన్న అనేవాళ్లం, ఆయనది బస్తీ. రైలు దిగి గట్ల మీదుగా నడుచుకుంటూ పొద్దుగూకే వేళకు వచ్చేవాడు. మంద రేపిన దుమ్ములో ముందు ఆయన తెల్ల అంగీ కనిపించేది, తర్వాత మనిషి. ఆయన మాట్లాడుతుంటే పెద్దవాళ్లు కూడా నిద్రలో నవ్వే పిల్లల్లా వినేవారు.

ఆ ఆషాఢంలో ఒక సాయంత్రం ఆయన, "దొర మనుషులు రాకముందే ఇప్పుడే కత్తిరించి దాస్తే ఎట్లుంటది?" అని అడిగాడు. అడిగాడంతే. బొచ్చు లేని గొర్రె ముసురుకు ఆగదని మా గూడెంలో తెలియనివారు లేరు. అయినా ఒక్కరూ నోరు మెదపలేదు. ఆయన వెళ్లి, మేం అన్నాలకు కూర్చునే వేళకు అది మా అందరి మాట అయిపోయింది. తెల్లారేసరికి కారణాలు కూడా దొరికాయి. ఈ ఏడు వానలు తక్కువేనని మా బాపు అన్నాడు. అది ఎవరు చెప్పారో ఆయనకే తెలియదు.

పక్కింటి అవ్వ ఒక్కతే కత్తెర ముట్టలేదు. "గా పిలగానికి గొర్లెరుకనా? అంగి ఇప్పి జర వానల నిలవడుమనుండ్రి, ఎరుకైతది" అంది. నేను "దొర మనిషి" అని అరిచింది అప్పుడే. ఆ రోజు నుంచి ఆమెతో ఎవరూ మాట్లాడలేదు. ఆమె గొర్లను మందలో కలుపుకోలేదు. నా అన్నవాళ్లు లేని ఆ మనిషి వాటిని ఒంటరిగా తోలుకుపోయేది.

తర్వాత ముసురు పట్టింది. గుట్టలు మాయమయ్యాయి, ఆకాశం ఇంటి కప్పుల దాకా దిగింది. బోడి గొర్లు ఒకదాని కింద ఒకటి దూరి వణికాయి. గొర్రెపిల్లలు ముందు పోయాయి. మా బాపు ఒక గొర్రెపిల్లను ఒళ్లో పెట్టుకుని ముక్కులో ఊపిరి ఊదుతుంటే అవ్వ తలుపు తోసుకుని వచ్చింది. తన గొంగడి తీసి మిగిలిన పిల్లల మీద కప్పింది. తడిసిన చీరతో పొయ్యి దగ్గర కూర్చుని, "జరుగు బిడ్డా, మంటకు అడ్డమున్నవు" అంది నాతో.

వాన వెలిశాక పెద్దన్న వచ్చి, సగం ఖాళీ అయిన దొడ్లు చూసి కూలబడ్డాడు. "నాకు తెల్వది. మీకెరుకే గదా! ఒక్కలన్న వద్దనకపోతిరి?"

"నువ్వు అంటివి గదా అన్నా..." అన్నాడు మా బాపు.

నేను లేచాను. "అవ్వ వద్దన్నది. నేనే తిట్టిన" అన్నాను. ఈసారి ఎవరూ నవ్వలేదు.

మర్నాడు పొద్దున్నే అవ్వ దొడ్డి ముందు నిలబడ్డాను. ఆమె బతికినన్నాళ్లూ ఆ గొర్లను నేనే మేపాను. సంఘాన్ని మాత్రం వదల్లేదు. పెద్దన్న చెడ్డవాడు కాదు, దొర వెట్టి పోయింది కూడా ఆయన వల్లే. ఇప్పటికీ నాకు నచ్చిన నాయకుడు మాట్లాడితే నా తల దానంతటదే ఊగుతుంది. ఆ జబ్బు పోలేదు. ఊగడం తెలియగానే లేచి, ఎవరు ఊరుకున్నారో వెతుక్కుంటూ వెనక వరుసకు పోతాను. పక్కన కూర్చుని, "నీకెట్ల అనిపిస్తాంది?" అని అడుగుతాను. చెప్పేదాకా లేవను.