అత్త కడిగి తెచ్చుకున్న సీసా

టిఫిన్ దగ్గర కూర్చుని ఉండగా కూర్మన్నపాలెం నుంచి ఫోన్ వచ్చింది. అత్త పోయిందట. చుట్టం కాదు, క్వార్టర్స్‌లో మా పక్కింటావిడ. అమ్మ డ్యూటీకి వెళ్తే నాకు అన్నం పెట్టి పెంచింది ఆవిడే.

అత్తకో వింత అలవాటు. విరిగినదేదీ పారేయనిచ్చేది కాదు. మిక్సీ బ్లేడు, కుళాయి వాషరు, తెగిన నా చెప్పు బద్దీ, అన్నీ కిటికీ గూట్లో చేరేవి. మావయ్య స్టీల్‌ప్లాంటులో మెయింటెనెన్సు. అక్కడ బోల్టు విరిగితే కారణం తేలేదాకా ముక్కను దాస్తారని ఆయనెప్పుడో అన్నాడు. అత్త దాన్ని ఇంట్లో అక్షరాలా అమలు చేసింది. మేం నవ్వితే, "ఇరిగిన ముక్కే సెప్తాదిరా ఏటయిందో" అనేది.

అత్త తుంటికి వేసిన కృత్రిమ కీలు ఎక్కువకాలం నిలవలేదు. లోపల లోహం అరిగి చుట్టూ కండ పాడైందని, తీసి వేరేది వెయ్యాలని చెప్పారు. ఆపరేషన్‌కు ముందు ఆవిడ డాక్టరుని కోరింది ఒక్కటే.

"తీసింది పారీకండి బాబూ. ఎందుకు పాడయిందో సూడాల. రేపు ఇంకొకరికి ఇదే పెడతారు కదా."

అలాగేనమ్మా, మీ చేతికే ఇస్తానన్నాడు. నా ఎదుటే అన్నాడు. అత్త అప్పటికే పచ్చడి పెట్టే పెద్ద గాజు సీసా కడిగి, ఆరబెట్టి ఆసుపత్రికి తెచ్చుకుంది.

తెలివి వచ్చాక అడిగితే, చెత్తలో పోయిందన్నారు. దాంతో మీకేం పనని డాక్టరు నవ్వాడు. తయారు చేసిన కంపెనీకి ఫోన్ చేస్తే, ఆ ముక్క పంపితే గాని ఏమీ చెప్పలేమన్నారు. ఇంతకన్నా నమ్మకద్రోహం నేను చూడలేదు. ఒంట్లో పెట్టేముందు ఏ పరీక్షలు చేస్తారో నాకు తెలియదు. పాడై బయటికొచ్చినదాన్ని కన్నెత్తి చూడనివాళ్లు, అది మంచిదని ఇంకొకరికి ఏ మొహంతో చెబుతారు?

నొప్పిని ఓర్చుకుంది గాని, మాట తప్పడాన్ని అత్త ఓర్చుకోలేకపోయింది. "ఇవ్వనంటే ఊరుకుందును. ఇత్తానని ఎందుకన్నాడ్రా?" అని నన్నే అడిగింది. ఖాళీ సీసా ఒళ్లో పెట్టుకుని ఇంటికొచ్చింది. ఆ తర్వాత మంచం దిగింది తక్కువే.

దహనం మర్నాడు అస్థికలు ఏరడానికి మావయ్యతో వెళ్లాను. బూడిదలో, రెండోసారి వేసిన కీలు నల్లగా కనబడింది. కాటికాపరి దాన్ని పక్కకు విసరబోతే మావయ్య చెయ్యి పట్టుకున్నాడు.

"ఇది ఆ ముక్క కాదు మావయ్యా" అన్నాను.

"తెలుసురా" అన్నాడు.

తువ్వాలుతో తుడిచాడు. సంచిలోంచి అత్త సీసా తీసి, అందులో వేసి మూత బిగించాడు. ఇప్పుడది కిటికీ గూట్లో, నా చెప్పు బద్దీ పక్కన ఉంది.