శీమలో సమ్మె, మా ఇంట్లో పొయ్యి

మా తాతకు రెండే కోపాలు. సమ్మెలో గేటు దాటి పనికి పోయేవాళ్ళ మీద ఒకటి, కూరలో ఉప్పు తగ్గితే ఒకటి. కోయంబత్తూరు స్పిన్నింగ్ మిల్లులో ఆయన సంఘం మనిషి. సమ్మె అంటే చాలు, తెల్లవారకముందే గేటు ముందుండేవాడు. ఒకసారి సొంత బావమరిదినే మొహమాటం లేకుండా వెనక్కి తరిమాడు. ఆ తర్వాత చాలాకాలం మా అవ్వ పుట్టింటివాళ్ళు మా గడప తొక్కలేదు.

మా చిన్నాయన పెళ్ళి కాకముందే శీమకు, అంటే ఇంగ్లండుకు పోయి, లాంకషైర్లో మిల్లులోనే చేరాడు. 1979 చలికాలంలో ఇంగ్లండు సమ్మెలతో అట్టుడికిపోయింది. లారీలు ఆగాయి, వీధుల్లో చెత్త గుట్టలుగా పడింది, చివరికి శ్మశానాల్లో పనిచేసేవాళ్ళు కూడా సమ్మెకు దిగారు. తాత పేపరు చదివి "భేష్" అనేవాడు. సరిగ్గా అప్పుడే చిన్నాయన గుండె ఆగి చనిపోయాడు.

మా ఇళ్ళల్లో చితి అంటుకునేదాకా పొయ్యి అంటించరు. ఊళ్ళో చావైతే అది ఒక పూట మాట. చిన్నాయనేమో శీమలో, ఏదో చలిగదిలో, తన వంతు కోసం పడున్నాడు. పక్కిళ్ళవాళ్ళు తెచ్చే సంగటితో వారం గడిచింది. అవ్వ చల్లారిన పొయ్యి ముందే కూర్చునేది.

అప్పుడు వీధి చివరి నూలు కొట్టుకు ట్రంకాల్ వచ్చింది. అవతల, చిన్నాయనతో పనిచేసే మనిషి, మా పక్కనుండే కినత్తుకడవు ఊరివాడు. శ్మశానం అధికారులు బయటి కూలీలను పెట్టి, వెనక గేటు గుండా తీసుకుపోయి దహనం కానిచ్చేస్తామంటున్నారు, పెద్దాయన మాట కావాలి అన్నాడు.

తాత ఫోన్లోనే బదులిచ్చాడు.

"వద్దప్పా. వాడు ఎన్నడూ వెనక గేటున పోయినోడు కాదు. సమ్మెలో ఉండేవోళ్ళు పనికి వచ్చినాకే కానీయండి."

ఆ సంగతి విని అవ్వ ఏడవలేదు. అందుకే నాకు భయమేసింది. "నా బిడ్డ చలికి ఓర్వడని తెలీదా మీకు?" అని మాత్రం అడిగింది.

సమ్మె ఇంకా చాలా రోజులు సాగింది. దహనం అయిందని కబురు అందిన పొద్దున అవ్వ పొయ్యి అంటించి అన్నం వండింది. తాత మొదటి ముద్ద నోట్లో పెట్టుకుని ఏడ్చేశాడు. "తప్పు చేసినానే" అన్నాడు. ఆ పూట కూరలో ఉప్పే లేదు. ఆయన ఏమీ అనకుండా తిన్నాడు.

ఇప్పటికీ ఆ ఫోన్ తలుచుకున్నప్పుడల్లా, ఒక్కసారి "సరే" అనుంటే ఏం కొంప మునిగేదని తాతను మనసులోనే తిట్టుకుంటాను. అనుంటే ఆయన మా తాత అయ్యేవాడు కాదేమో, అదీ తెలుసు.

మరుసటి ఏడు మా మిల్లులో సమ్మె కట్టారు. పిలవడానికి వచ్చినవాళ్ళతో తాత "నా వల్ల కాదప్పా, నన్ను విడిచిపెట్టండి" అన్నాడు. అవ్వ లోపల్నుంచి ఆయన తుండు తెచ్చి భుజాన వేసింది.

"పోండి. ఇప్పుడు పోకుంటే, నా బిడ్డ అన్నాళ్ళు ఆడ ఎందుకు పడుండినట్టు?"