ఒనిసిఫోర్ గారి అభ్యంతరాలు

ఒనిసిఫోర్ గారిని ఎవరు ఏ పని చెయ్యమన్నా, ఏ పని మానమన్నా ఆయన నోటి నుంచి వచ్చే మాట ఒక్కటే: "ఏ అధికారంతో?" ఆ తర్వాత ఇంకో మాట ఉండదు, కాగితం ఉంటుంది. ఆ కాగితం మా పురపాలక ఆఫీసులో మొదటి కిటికీకి వస్తుంది. ఆ కిటికీ వెనక పదకొండేళ్లుగా కూర్చున్నదాన్ని నేను.

నా పేరు అగ్లాయా. అర్జీ తీసుకోవడం, పుస్తకంలో ఎక్కించడం, నంబరు వేసి ముద్ర కొట్టడం, అదే నంబరుతో రసీదు చింపి ఇవ్వడం, ఇదే నా ఉద్యోగం. పింఛనుకి ఇంకా నాలుగేళ్లుంది. నా మోకాళ్లు మాత్రం ఎప్పుడో రిటైరయ్యాయి. మా దగ్గర అర్జీని రేకు పట్టీ ఉన్న అట్ట ఫైలులో పెట్టి ఇవ్వాలి. ఫైలు లేకుండా వస్తే దేవుణ్నయినా వెనక్కి పంపేస్తాం. ఒనిసిఫోర్ గారు మాత్రం ఒక్కనాడూ ఫైలు లేకుండా రాలేదు. అలా వచ్చినా బాగుండేది, వెనక్కి పంపి ఊపిరి పీల్చుకునేదాన్ని.

ఆయన రైల్వేలో గేటు మనిషి. నలభై ఏళ్లు గేటు దించి జనాన్ని ఆపాడు. రిటైరయ్యాక, ఇక లోకంలో ఎవరూ ఎవర్నీ ఆపకూడదని పట్టు పట్టాడు. డాక్టరు ఉప్పు మానమంటే "ఏ అధికారంతో?" అని అడిగి, చీటీ మీద ఆస్పత్రి ముద్ర వేయించుకున్నాకే మానాడు. చర్చిలో పాదిరీ మోకరిల్లమన్నప్పుడూ అదే ప్రశ్న. పాపం పాదిరీ వేలితో పైకి చూపించాడు.

"నోటిమాటా, రాతపూర్వకమా?" అన్నాడీయన.

ఇంట్లో భార్య ప్రొఫీరా "సూప్ చల్లారిపోతోంది, రావయ్యా" అని పిలిస్తే అక్కడా ఇంతే. ఆవిడ మాత్రం గరిటె పైకెత్తి "ఇదిగో అధికారం!" అనేది. లోకంలో ఆయన మారుమాట్లాడకుండా ఒప్పుకున్న అధికారం ఆ గరిటె ఒక్కటే.

మహమ్మారి రోజుల్లో గడప దాటాలంటే ఎందుకు దాటుతున్నామో కాగితం మీద రాసుకుని జేబులో పెట్టుకోవాల్సి వచ్చేది. కూడలిలో పోలీసు ఆయన్ని ఆపి కాగితం చూశాడు. "బయటికి వచ్చిన కారణం: ఈ కాగితం మీద ఫిర్యాదు చేయడానికి" అని ఉంది.

"తాతా, ఇలాంటి కారణం జాబితాలో లేదు," అన్నాడు పోలీసు.

"లేదనేదే నా రెండో ఫిర్యాదు నాయనా. పెన్నుందా?"

కూడలిలో నిఘా కెమెరాలు పెట్టినప్పుడు ఇంకా గొడవయ్యింది. తనని చూసేవాణ్ని తనూ చూడాలని అర్జీ పెట్టి, కుర్చీ తెచ్చుకుని తెర ముందు కూర్చున్నాడు. మూడో రోజుకి కాపలావాడు ఆయనతో పేకాడుతున్నాడు. దొంగలు పడ్డా చూసే నాథుడు లేడు.

ఆయన సిద్ధాంతం ఊరందరికీ కంఠతా వచ్చు: ప్రభుత్వం అగ్గిపెట్టెలో పట్టేంత ఉండాలి. పన్ను వద్దు, పోలీసు వద్దు, మేయరు అసలే వద్దు. పోనీ, వద్దన్న వాటినే వద్దంటూ ఉన్నా నా పని తేలికయ్యేది. ఒకే మనిషి ఒకే సంగతి మీద వంద అర్జీలు పెట్టినా వాటిని కలిపి కట్టి ఒకే నంబరు వేస్తాం. ఈ మహానుభావుడు ఒకసారి రాసిన సంగతి మళ్లీ రాయడు! సోమవారం వీధి దీపాలు, మంగళవారం శ్మశానం గేటు, బుధవారం పెళ్లికొడుకుల దగ్గర వసూలు చేసే బ్యాండు రుసుము. ముద్ర కొట్టీ కొట్టీ నా భుజం జారిపోయింది. పైగా శీతాకాలం వస్తే ఆయనకి పూనకం. డిసెంబరులో రోజుకి పది.

"ఒనిసిఫోర్ గారూ, మీకు దణ్నం పెడతాను. మీకు విసుగు పుట్టదా?" అని అడిగేశాను ఓసారి.

"హక్కు వాడుకోడానికి విసుగేంటమ్మా? ముద్ర సరిగ్గా పడలేదు, ఇంకోసారి కొట్టు."

నాకు వేరే దిగులుండేది. మా పట్నంలో సగం మంది ఇటలీకి ముసలివాళ్లను చూసుకునే పనుల్లోకి వెళ్లిపోయారు. మనుషులే లేకపోతే అర్జీలెవరు పెడతారు? రాజధాని బుకారెస్టు నుంచి ఎప్పుడో వచ్చిన పొదుపు ఉత్తర్వు ఒకటుంది: ఏడాదికి మూడు వేల అర్జీలు రాని కిటికీని ఎత్తేయవచ్చు. కిటికీతో పాటు నన్నూ. యాభై ఆరేళ్ల మనిషికి ఇంకో ఉద్యోగం ఎవరిస్తారు? ప్రతి డిసెంబరులోనూ ప్రాణాలు అరచేతిలో పెట్టుకుని లెక్క చూసుకునేదాన్ని. ఎలాగో గట్టెక్కేది. సెయింట్ పరస్కేవా తల్లికి కొవ్వొత్తి వెలిగించి, ఒనిసిఫోర్ గారిని తిట్టుకుంటూ ఇంటికి వెళ్లేదాన్ని.

పోయిన డిసెంబరు ముప్పయ్యో తారీఖున మేయరు దుమిత్రాష్ కిటికీ మూసివేత ప్రతిపాదన సభలో పెట్టాడు. అర్జీలన్నీ ఇకమీదట కంప్యూటర్లో పెట్టుకోవాలట. మా ఊళ్లో మిగిలినవాళ్లలో సగం మందికి కళ్లజోడే సరిగ్గా లేదు. రివాజు ప్రకారం పుస్తకం, ముద్ర పట్టుకుని నేనూ వెళ్లి కూర్చున్నాను. ఆ ఉదయానికి అర్జీలు రెండు వేల తొమ్మిది వందల తొంభై ఒకటి. తొమ్మిది తక్కువ. పన్నెండింటికి ఆఫీసు మూస్తే ఆ ఏటికి అంతే.

"ప్రజల్లో ఎవరికైనా అభ్యంతరమా?" అన్నాడు మేయరు. సభంతా వెనక్కి తిరిగింది. ఒనిసిఫోర్ గారు లేచాడు. పక్కన ప్రొఫీరా, ఒళ్లో సంచీ.

మేయరు ముసిముసిగా నవ్వి కాగితం తీశాడు. "ఇది మీ చేతిరాతే కదూ? 'ప్రభుత్వం అగ్గిపెట్టెలో పట్టేంత ఉండాలి.' పెద్దాయన మాట కాదనలేక ఒక కిటికీ తగ్గిస్తున్నాను. ఇప్పుడేమంటారు?"

సభ గొల్లుమంది. నాకు ఏడుపొచ్చింది. అడుసు తొక్కనేల, కాలు కడగనేల, ఎవడు రాయమన్నాడయ్యా అగ్గిపెట్టె గురించి!

"తగ్గించమన్నది నేనే," అన్నాడాయన. "పై నుంచి తగ్గించండి. మీ కారు తగ్గించండి, డ్రైవరుని తగ్గించండి. జనం వచ్చి ప్రభుత్వాన్ని తిట్టడానికి ఊరంతటికీ ఉన్నది ఆ కిటికీ ఒక్కటి. అది మూసేసి, లోపల మీరు మాత్రం ఉంటామంటే ఎలా? అయినా నా మాటెందుకు, ఉత్తర్వేమంటోంది? మూడు వేలు."

"తొమ్మిది తక్కువ!"

"అవునా," అంటూ సంచీలోంచి ఫైళ్లు తీసి నా ముందు పేర్చాడు. చర్చి గంట నాలుగు నిమిషాలు ముందు కొడుతున్నారు. జెండా ఏడాదికొక్కసారే ఉతుకుతున్నారు. గుండ్రటి రొట్టెలో చిల్లు నానాటికీ పెరుగుతోంది, రొట్టెకి కట్టే పన్ను చిల్లుకి కూడా పడుతోంది. సంత దగ్గర పావురాలు...

"ఇవన్నీ ఒకటే సంగతి! నా మీద కక్ష!" మేయరు అరిచాడు. "అగ్లాయా, కలిపి కట్టెయ్!"

కలపాలా వద్దా అని తేల్చేది రిజిస్టరు చూసేవాళ్లే. పదకొండేళ్లలో మొదటిసారి నా గొంతు పైకి లేచింది. "గంట వేరు, పావురం వేరు సార్," అన్నాను. టపటపా ముద్రలు కొట్టాను. రెండు వేల తొమ్మిది వందల తొంభై తొమ్మిది. సంచీ ఖాళీ.

"తొమ్మిదోది తట్టలేదమ్మా," అన్నాడు నెమ్మదిగా. కాగితం అందుకుని పెన్ను పట్టుకున్నాడు. పైకి చూశాడు, కిందికి చూశాడు. లోకంలో ప్రతిదానికీ అడ్డం పడ్డ మనిషికి ఒక్క అభ్యంతరం దొరకడం లేదు! గడియారం పన్నెండుకి నాలుగు నిమిషాలు తక్కువ చూపిస్తోంది.

"ఇటు తే!" ప్రొఫీరా పెన్ను లాక్కుంది. నిలబడే నాలుగు వరుసలు గీకి నా ముందు పడేసింది. "నా భర్త పగలంతా మీ ఆఫీసులోనే ఉంటున్నాడు. మధ్యాహ్నం సూప్ వేళకి ఇంటికి పంపించే ఏర్పాటు చేయవలసిందిగా కోరుతున్నాను."

"ఫైలేదీ?" మేయరు బల్ల గుద్దాడు. "ఫైలు లేని అర్జీ చెల్లదు!"

నిజమే. సభలో ఖాళీ ఫైలు ఒక్కటీ లేదు. మేయరు ముందు మాత్రం కిటికీ మూసివేత ప్రతిపాదన కొత్త ఫైలులో నిగనిగలాడుతోంది. నాకా ధైర్యం ఎక్కణ్నుంచి వచ్చిందో ఇప్పటికీ తెలియదు. ఆ ఫైలు లాగి, రేకు పట్టీ విప్పి, ప్రతిపాదన తీసి బల్ల మీద పెట్టి, ప్రొఫీరా కాగితాన్ని దాన్లో బిగించాను.

"ఏ అధికారంతో?" అని గావుకేక పెట్టాడు మేయరు దుమిత్రాష్.

ఒనిసిఫోర్ గారు కుర్చీలో కూలబడి, కొడుకు పరీక్ష పాసైనట్టు మురిసిపోతూ మేయరునే చూస్తున్నాడు. నేను ముద్ర కొట్టేశాను. మూడు వేలు.

బయట మంచులో ప్రొఫీరా చెయ్యి పట్టుకుని కృతజ్ఞతలు చెప్పబోయాను. ఆవిడ విసుక్కుంది. "నాకెందుకమ్మా? ఏటేటా నీ రసీదు మీద నంబరు చూసి 'ఇంకా నూట పది కావాలే' అంటూ నా ప్రాణం తీస్తాడు. పక్కింటాళ్ల దగ్గరికెళ్లి మీకేం కష్టాలున్నాయని అడుక్కొస్తాడు. ఆయనకి ప్రభుత్వం మీద అంత కోపమేం లేదు, నాలుగు అర్జీల కోపముంటుంది. తక్కినవన్నీ నీ కోసమే. రైల్వేవాళ్లు ఈయన గేటుని శాశ్వతంగా తీసేసినప్పుడు, ఈయన కింద పనిచేసే కుర్రాడి ఉద్యోగం కూడా పోయింది. అభ్యంతరం చెప్పడానికి పదిహేను రోజులు గడువిచ్చినా ఎవ్వరూ రాయలేదట. 'నేను కూడా రాయలేదే' అంటాడు."

పదకొండేళ్లు ఆయన్ని తిట్టిన తిట్లన్నీ వరసగా గుర్తొచ్చి సిగ్గుతో చచ్చిపోయాను.

జనవరి మూడున కిటికీ తెరవగానే ఎదురుగా ఒనిసిఫోర్ గారు, ఫైలుతో. ఫిర్యాదు నా మీదే: సదరు ఉద్యోగిని నిండు సభలో ప్రభుత్వ ఫైలుని బలవంతంగా ఖాళీ చేసినది, తగు చర్య తీసుకోవలెను.

"అక్షరం అక్షరం నిజమే," అన్నాను. ముద్ర కొట్టి, ఒకటో నంబరు వేసి, రసీదు ఇచ్చాను. ఆయన టోపీ పెట్టుకుని వెనక్కి తిరిగాడు.

"ఆగండి," అని నా కుర్చీని పక్క తలుపులోంచి కిటికీ అవతలికి తోశాను. తెల్ల కాగితం ఒకటి ముందుకు జరిపాను. "కూర్చుని ఇంకోటి రాయండి ఒనిసిఫోర్ గారూ. సూప్ వేళకి ఇంకా చాలా టైముంది."