నీలం టేపు వేసిన గిన్నె

గిన్నె అడుగున నీలం టేపు ముక్క కనబడగానే ఆగిపోయాను. పోయినేడాది చలికాలం మొదట్లో, గల్ఫ్ నగరం లుసైల్‌లోని ఒక కొత్త హాల్లో, మధ్య అమెరికాలో బతికిన ప్రాచీన మాయా ప్రజల మీద పెట్టిన ప్రదర్శన తెరుచుకోవడానికి ముందురోజు ఉదయం అది. అక్కడ నా హోదా విషయ పరిశీలకురాలు. గోడల మీది రాతల్లో తప్పుంటే చెప్పడం నా పని. చెప్పినా ఎవరూ వినకపోవడం ఆ ఉద్యోగంలోని రెండో నిబంధన. దాన్ని కాంట్రాక్టులో రాయడం మరిచిపోయారు.

చరిత్ర, పురావస్తు శాస్త్రం రెండూ చదివినదాన్ని కాబట్టి నన్ను తీసుకున్నారు. ఈ విద్యలో కిటుకు పెద్దదేమీ కాదు. పుస్తకం రాసినవాడు తనకు కావలసింది రాస్తాడు, మట్టికి అలాంటి అవసరం లేదు. అలాగని మట్టి తనంతట తాను మాట్లాడదు. రెంటినీ పక్కపక్కన పెట్టి, ఎక్కడ కలుస్తున్నాయో ఎక్కడ తగువుపడుతున్నాయో చూడాలి. వినడానికి తేలిక. జనం సాధారణంగా తమకు నచ్చినదాన్ని ఒక్కదాన్నే చూస్తారు.

నాలుగో అద్దాల పెట్టెలో ఒక పసివాడి సమాధి నమూనా ఉంది. తవ్వకంలో గీసిన బొమ్మ ప్రకారం అది గుడి కాదు, ఇల్లు. బిడ్డను వంటచోటు పక్కన నేల కింద పడుకోబెట్టారు. ముఖం మీద ఒక గిన్నె బోర్లించారు. దాని అడుగున మధ్యలో కావాలనే ఒక చిల్లు తొలిచారు. పైన మళ్ళీ గచ్చు వేసుకుని, ఆ ఇంట్లోనే వండుకుంటూ బతికారు. ఆ గచ్చు మీద పేరుకున్న బూడిద పొరలే దానికి సాక్ష్యం. ఇద్దరు పిల్లల తల్లిని, అందులోనూ నిద్రపోతున్న పిల్లల ముక్కు దగ్గర వేలు పెట్టి ఊపిరి చూసుకునే రకాన్ని. ఆ బొమ్మ దగ్గర నేను కొంచెం ఎక్కువసేపే ఆగాను.

అసలు వస్తువులు సొంత దేశం దాటి రాలేదు. మా దగ్గరున్నవి రెసిన్‌తో పోతపోసిన నకళ్ళు. హాలు పని చేసింది హోటళ్ళకు లోపలి హంగులు దిద్దే కంపెనీ. అప్పగింతకు ముందు వాళ్ళ ఇంజనీరు చుట్టూ తిరిగి, గీత, సొట్ట, పగులు కనబడిన చోటల్లా నీలం టేపు అంటిస్తాడు. దాన్ని స్నాగ్ అంటారు. పనివాడు దాన్ని బాగుచేస్తాడు. టేపు వేసినవాడే వచ్చి చూసి తీయాలి. ఒక్క టేపు మిగిలినా క్లయింటు హాలు తీసుకోడు. బాత్రూములకు ఇంతకంటే మంచి పద్ధతి లేదు.

ఆ ఇంజనీరుకు గిన్నెలో చిల్లు కనబడింది. ఇక చెప్పేదేముంది!

పుట్టీ పని చేసే రాజన్నను పిలిచాను. జగిత్యాల వైపు మనిషి.

"రాజన్నా, ఈ బొక్క నువ్వే పూడ్చినవా?"

"అవ్ మేడం. మంచిగ కలిసింది గదా? మీరు గాబట్టి పట్టిన్రు, ఇంకోలయితె పట్టకపోదురు."

"ఎందుకు పూడ్చినవే?"

"నీలం టేపు ఏస్తె పూడ్చుడే మా డ్యూటీ. గిన్నెకు బొక్క ఉంటె చారు ఎట్ల పోసుకుంటరు?"

చిల్లు పోయిన గిన్నె మామూలు గిన్నె అయింది కాబట్టి ఎవరో దాన్ని సరిగ్గా నిలబెట్టారు. నిలబెట్టిన గిన్నె పక్కన పసివాడి అస్థిపంజరం చూసేసరికి మా ప్రాజెక్టు మేనేజరు సుధాకర్ గారికి స్ఫూర్తి కలిగింది. నేను ఒప్పుకున్న రాత తీయించి, రాత్రికి రాత్రి కొత్త బోర్డు అచ్చు వేయించారు. 'బలి గిన్నె: దేవుడి కోసం చిన్నారి రక్తం పట్టిన పాత్ర.' కింద నుంచి ఎర్ర దీపం కూడా పెట్టించారు. మర్నాడు మొదట చూడబోయేది బడిపిల్లలు. అందులో మా ఏడేళ్ళ పాప తరగతి ఒకటి.

"ఇది బలి కాదండీ," అన్నాను.

"ఏమ్మా, వాళ్ళు బలులిచ్చేవాళ్ళు కాదా? ఆ దేశాలకు వెళ్ళిన స్పెయిన్ మతగురువు ఒకాయన రాసిన పుస్తకంలో అంత వివరంగా ఉంది."

"ఆ పుస్తకం వేరే ప్రజల గురించి, వేరే నగరంలోని గుడి గురించి. అదీ ఈ బిడ్డ పోయిన కొన్ని వందల ఏళ్ళ తర్వాత. కాశీ మీద పుస్తకం చదివి మా వరంగల్ వంటింట్లో ఏం జరిగిందో రాసినట్టుంది."

ఆయన జాలిగా నవ్వారు. "నువ్వు తల్లివి కదమ్మా, అందుకని మనసుకు పట్టించుకుంటున్నావు. జనానికి కాస్త వణుకు పుట్టాలి. అయినా అచ్చయిపోయింది. ఇప్పుడు మార్చాలంటే స్నాగ్ అయి ఉండాలి, అంతే."

తల్లి కావడం వృత్తిలోపమని అప్పుడే తెలిసింది. అంతకంటే పనికొచ్చే మాట మాత్రం ఆయన చివర్లో అన్నారు.

ఇంజనీరు బల్ల మీది టేపు చుట్ట తీసుకున్నాను. గిన్నె మీద ఒక ముక్క, ఎర్ర దీపం మీద ఒకటి, బోర్డు మీద 'బలి' అన్న మాట మీద ఒకటి అంటించి, మూడింటి మీదా నా పొడి అక్షరాలు రాశాను. టేపు వేసినవాళ్ళే తీయాలి. అది నేను పెట్టిన నియమం కాదు.

మధ్యాహ్నం క్లయింటు మనిషి వచ్చారు. నాలుగో పెట్టె దగ్గర ఆగి, ఇదేమిటని అడిగారు. సుధాకర్ గారు నా వైపు చూశారు. నేను తవ్వకం బొమ్మ చేతికిచ్చి, గిన్నె తలకిందులుగా ఉండాలనీ, చిల్లు ఉండాలనీ, బలి అనడానికి ఎముకల మీద ఏ గుర్తూ లేదనీ చెప్పాను. ఆయనకు మాయా ప్రజల మీద ఆసక్తి ఉన్నట్టు లేదు. "యల్లా, కానివ్వండి, సరిచేయండి," అన్నారు. శాస్త్రానికి అంత గౌరవం దక్కడం నేను మళ్ళీ చూడలేదు.

రాజన్న డ్రిల్లు తెచ్చాడు. "నిన్న పూడ్చుమన్నరు, ఇయ్యాల తొల్వుమంటున్నరు. రేపు మల్ల పూడ్చుమంటె నేను పోయి లేబర్ క్యాంప్ల పండుకుంట మేడం, చెప్తున్న." తొలిచాక చిల్లులో కన్ను పెట్టి చూసి, గిన్నె బోర్లించి, ముఖం మీదికి సరిగ్గా జరిపాడు. "పోరడు సల్లగ పండుకున్నడు," అన్నాడు. ఎర్ర దీపం తీసేశారు. బోర్డు మీద నా పాత రాతనే స్టిక్కరు చేసి అంటించారు. నా టేపులు నేనే తీశాను.

నెలాఖరుకు నా కాంట్రాక్టు పొడిగించలేదు. బృందంలో కలిసిపోలేదన్నారు. ముప్పై నాలుగేళ్ళకే రిటైరై, ఊరి చివర అల్ వుకైర్‌లోని మా ఫ్లాటులో పిల్లలు నిద్రపోయాక ఇది రాస్తున్నాను. ఆ ఉద్యోగం నేర్పింది ఇది: పుస్తకంలో ఉన్నదాన్ని మట్టి మీద రుద్దకూడదు, మట్టిలో దొరికినదాన్ని మన కంటికి నచ్చేలా దిద్దకూడదు. రెండూ చేసేవాళ్ళ దగ్గర పనిచేయాల్సివస్తే టేపు దగ్గర పెట్టుకోవాలి.

ప్రదర్శన తెరిచిన రోజు ఉదయం ఉప్మా తింటూ పాప అడిగింది: "అమ్మా, ఇవాళ చూపించే ఆ బాబును ఎవరు చంపారు?"

"చంపారని చెప్పడానికి ఏమీ దొరకలేదు. చనిపోయాడు. ఇంట్లోవాళ్ళు పొయ్యి పక్కనే పడుకోబెట్టి, ముఖం మీద గిన్నె బోర్లించారు. ఎవరైనా అంతకంటే ఎక్కువ చెబితే, మీకెలా తెలుసని అడుగు."

"మరి చిల్లెందుకు?"

"తెలియదు."

నాలుగేళ్ళ మావాడు చెంచా దించాడు. "లోపల చీకటి కదా. వెలుగు కోసం."

"అయి ఉండొచ్చు నాన్నా," అన్నాను. "కానీ బోర్డు మీద మాత్రం రాయకు."