వేలు పెట్టిన చోటు

“ఇంగ దీన్ని ఎవురితోనూ సదివించొద్దక్కా, దాచిపెట్టుకో.”

“ఎందుకు సదివిస్తాప్పా, నువ్వు సదివితివి గదా.”

బస్సులో పక్క సీటాయనా నేనూ ఆఖరుగా అనుకున్న మాటలివి. తర్వాత నేను ఆళ్లగడ్డలో బస్సు దిగిపోయాను.

నంద్యాలలో ఎక్కినప్పుడు పక్క సీటాయన పేపరు చూస్తున్నాడు. అప్పటికి మా ఆయన పోయి ఏడాదైంది. తిథి ముందే అయిపోయినా, ఇంగ్లీషు తేదీకి పేపర్లో ఫోటో వేయిస్తున్నానని మా మరిది చెప్పాడు. నాకు చదువు రాదు. ఫోటో కనబడగానే ఉండబట్టలేకపోయాను.

“అప్పా, ఆ మీసాలాయన మా ఇంటాయనే. కింద ఏం రాసినారో సదువప్పా.”

ఆయన చదువుతూ చదువుతూ ఆగాడు. “నీ పేరేందక్కా?”

“ఓబులమ్మ.”

“ఆ, ఈడుంది. అశ్రునయనాలతో, భార్య ఓబులమ్మ, తమ్ముళ్లు, బంధుమిత్రులు.”

“యాడ? సూపించు.”

ఆయన ఒకచోట వేలు పెట్టాడు. నేనూ అక్కడే పెట్టాను. ఆ ముక్క చించి నాకే ఇచ్చాడు.

పదేళ్లు పెట్టెలో దాచుకున్నాను. మనసు బాగలేనప్పుడల్లా తీసి అదే చోట తడుముకునేదాన్ని. మొన్న మా చెల్లెలి కూతురు సుజాత చదివింది. భార్య అనే మాటే లేదంట. నేను తడుముకున్న చోట బంధుమిత్రులు అని ఉందంట.

మరిదిని అడిగాను. “ఆడోళ్ల పేర్లు పేపర్లో ఎవురేస్తారొదినా?” అన్నాడు. వాడితో కొట్లాడే ఓపిక లేదు. బస్సులో ఆయన మీద మాత్రం కోపం రాలేదు.

ఇంగ సాలు సుజాతా. నేను చెప్తాంటే నువ్వు రాసింది మొదట్నించీ సదువు. నా పేరు వచ్చినప్పుడు ఆగి, ఆడ వేలు పెట్టి సూపించు.